పూడిమడక హైడ్రోజన్ హబ్‌తో విశాఖ బాగుపడుతుందా?

సబ్బవరం విద్యార్థి

అందరికీ నమస్కారం. నేను పెట్రోలియం ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. ఈ కోర్సులో చేరేటప్పుడు ఇంట్లోవాళ్లు ధైర్యం చెప్పారు. విశాఖలో రిఫైనరీ ఉంది, పోర్టు ఉంది, చమురు డిపోలున్నాయి, పనికి లోటుండదన్నారు. 1957లో కాల్టెక్స్ మొదలుపెట్టిన రిఫైనరీ ఇప్పుడు ప్రభుత్వ చమురు కంపెనీ హెచ్‌పీసీఎల్ చేతిలో ఉంది. ఏడాదికి 83 లక్షల టన్నుల సామర్థ్యాన్ని కోటిన్నర టన్నులకు పెంచారు. మరోవైపు 2025 జనవరి 8న ప్రధాని విశాఖ వచ్చి, తీరంలోని పూడిమడక దగ్గర ప్రభుత్వ విద్యుత్ సంస్థ ఎన్టీపీసీ కట్టే హరిత హైడ్రోజన్ హబ్‌కు శంకుస్థాపన చేశారు. ఎండ, గాలి లాంటి వాటి కరెంటుతో నీటి నుంచి తీసే హైడ్రోజన్ ఇది. 1.85 లక్షల కోట్ల పెట్టుబడి అంటున్నారు. మా తరగతిలో సగం మంది చమురుకు రోజులు దగ్గరపడ్డాయని అంటారు, సగం మంది ఇవన్నీ శిలాఫలకాలే అంటారు. పునరుత్పాదక విద్యుత్ కంపెనీల వల్ల ఈ నగరానికి నిజంగా ఎదుగుదల ఉంటుందా? అనుభవమున్నవాళ్లు చెప్పండి.

సీలేరు ఇంజినీర్

ఉంటుంది బాబూ. నేను విద్యుత్ శాఖలో పనిచేసి రిటైరయ్యాను, లెక్క కట్టే చెబుతున్నాను.

ఆ హబ్‌లో రోజుకు 1500 టన్నుల హైడ్రోజన్ తీస్తామని ప్రకటించారు. నీటిని విడగొట్టి కిలో హైడ్రోజన్ తీయడానికి సుమారు 50 నుంచి 55 యూనిట్ల కరెంటు కావాలి. అంటే 1500 టన్నులకు రోజుకు దాదాపు 8 కోట్ల యూనిట్లు. ఒక కిలోవాటు సౌర ఫలకం మన ఎండలో రోజుకు నాలుగైదు యూనిట్లు ఇస్తుంది. ఆ లెక్కన 20 గిగావాట్ల సామర్థ్యం కావాలి. ప్రకటనలో చెప్పిందీ 20 గిగావాట్లే. నోటికొచ్చిన అంకె కాదని చెప్పడానికే ఇంత విడమరిచాను.

ఇక నగరం సంగతి. 1933లో పోర్టు వచ్చింది. పోర్టు ఉంది కాబట్టి రిఫైనరీ వచ్చింది, ఎరువుల కర్మాగారం వచ్చింది, ఉక్కు వచ్చింది. సముద్రం దగ్గర లోతు ఉన్నచోటికే ఇంధనం వస్తుంది, ఆ ఇంధనం చుట్టూ ఊరు పెరుగుతుంది. ఇప్పుడు ఆ ఇంధనం మారుతోంది. జర్మనీ, జపాన్ లాంటి దేశాలు హైడ్రోజన్‌ను అమ్మోనియా రూపంలో కొనాలని చూస్తున్నాయి. ఆ ఓడలు ఎక్కించే చోటు మన తీరమైతే, మరో యాభై ఏళ్లు ఈ ప్రాంతానికి ఢోకా లేదు. చమురునే నమ్ముకుని కూర్చుంటే, రేపు ప్రపంచం చమురు మానేసిన రోజున మనం ఖాళీ ట్యాంకుల పక్కన నిలబడతాం.

గాజువాక ఫిట్టర్

ఇంజినీర్ గారూ, మీ లెక్కలకు నమస్కారం. యూనిట్లు చెప్పారు, గిగావాట్లు చెప్పారు, టన్నులు చెప్పారు. శాశ్వత ఉద్యోగాలు ఎన్నో చెప్పలేదు. గేటు లోపల, కంపెనీ రోల్ మీద, పీఎఫ్, ఈఎస్ఐ ఉన్న ఉద్యోగాలు. ఆ అంకె చెప్పండి.

కూర్మన్నపాలెం

ముందు ఉక్కు కర్మాగారం సంగతి తేల్చండి. 1966 ఉద్యమంలో 32 మంది ప్రాణాలిస్తే వచ్చిన ప్లాంటు అది. ఉన్నదాన్ని అమ్ముతామని 2021లో చెప్పినవాళ్లే కొత్తది కడతామంటే ఎలా నమ్మాలి?

సీలేరు ఇంజినీర్

ఫిట్టర్ గారూ, ఉద్యోగాలను గేటు దగ్గర మాత్రమే లెక్కపెట్టకూడదు. పరిశ్రమ వస్తే రవాణా, మరమ్మతు, గోదాములు, హోటళ్లు, ఇళ్లు అన్నీ వస్తాయి. 2024 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం తెచ్చిన సమగ్ర స్వచ్ఛ ఇంధన విధానంలో 10 లక్షల కోట్ల పెట్టుబడి, 7.5 లక్షల ఉద్యోగాలు లక్ష్యంగా పెట్టుకున్నారు. రాంబిల్లిలో సౌర ఫలకాలకు కావాల్సిన ఇంగాట్లు (సిలికాన్ దిమ్మలు), వేఫర్లు (వాటి నుంచి కోసే పలుచటి బిళ్లలు) తయారుచేసే ప్లాంటు పెడతామని రెన్యూ సంస్థ ముందుకొచ్చింది. ఇప్పటిదాకా ఆ సరకులో చాలా భాగం చైనా నుంచే దిగుమతి. ఒకదాని వెంట ఒకటి వస్తాయి.

గాజువాక ఫిట్టర్

7.5 లక్షలు రాష్ట్రం మొత్తానికి, అదీ లక్ష్యం. నేనడిగింది పూడిమడక గేటు గురించి.

మీరు చెప్పిన 20 గిగావాట్లనే తీసుకుందాం. మెగావాటు సౌర విద్యుత్‌కు నాలుగైదు ఎకరాలు పడుతుంది. అంటే 80 వేల నుంచి లక్ష ఎకరాలు. అంత నేల విశాఖలో లేదు, అనకాపల్లిలో లేదు. ఆ ఫలకాలు రాయలసీమలోనో రాజస్థాన్‌లోనో పెడతారు. అవి తుడిచే పని, కావలి కాసే పని అక్కడివాళ్లది. మనకు మిగిలేది తీగ చివర నిలబెట్టిన ఎలక్ట్రోలైజర్లు, అంటే కరెంటుతో నీటిని విడగొట్టే యంత్రాలు. వాటిలో కదిలే భాగాలు తక్కువ, మనుషుల అవసరం తక్కువ. కంట్రోల్ రూములో పది మంది కూర్చుంటే నడుస్తుంది.

రిఫైనరీ అలా కాదు. మరమ్మతుల కోసం ప్లాంటు ఆపే షట్‌డౌన్ వచ్చిందంటే ఫిట్టర్లు, వెల్డర్లు, రిగ్గర్లు, ఖలాసీలు, పరంజా కట్టేవాళ్లు, ఇన్సులేషన్ వాళ్లు వేలమంది గేటు ముందు నిలబడతారు. ములగాడ, శ్రీహరిపురం, మల్కాపురం, గాజువాకల్లో అద్దె ఇళ్లు నిండుతాయి. ఆటోనగర్‌లో లేతు మిషను ఆగదు. 26 వేల కోట్లు పెట్టి ఆధునికీకరణ చేపట్టారు, కోటిన్నర టన్నులకు పెంచారు. చమురు పోతుందని హెచ్‌పీసీఎల్ అనుకుంటే అంత డబ్బు పోస్తుందా? పరవాడ దగ్గరి ఎన్టీపీసీ సింహాద్రి విద్యుత్ కేంద్రం సంగతి కూడా చూడండి. 2021లో జలాశయం మీద తేలే సౌర ఫలకాలు పెట్టారు, దేశమంతా రాశారు. అది 25 మెగావాట్లు. దాని పక్కనే బొగ్గుతో నడిచేది 2000 మెగావాట్లు. పరవాడలో జనం పనికి వెళ్లేది దేనికి?

మల్కాపురం వాసి

ఫిట్టర్ గారూ, షట్‌డౌన్‌లో నిండే ఆ అద్దె ఇళ్లలో ఒకటి మాదే. ఆ అద్దె మీదే నేను పిల్లల్ని చదివించాను. అయినా చెబుతున్నాను, ఆ రిఫైనరీ పక్కన బతకడం ఎలాంటిదో పని ముగించుకుని వెళ్లిపోయేవాళ్లకు తెలియదు.

1997 సెప్టెంబరు 14 ఆదివారం తెల్లవారి గ్యాస్ లీకై ఎల్పీజీ గోళాలు పేలాయి. 60 మంది వరకు చనిపోయారు. 2013 ఆగస్టులో కూలింగ్ టవర్ దగ్గర పేలుడులో ఇరవై మందికి పైగా పోయారు. వాళ్లలో ఎక్కువమంది ఇప్పుడు మీరు చెప్పిన కాంట్రాక్టు పనివాళ్లే. 2020 మే 7న ఆర్.ఆర్. వెంకటాపురంలో ప్లాస్టిక్ కర్మాగారం నుంచి స్టైరీన్ విషవాయువు లీకై 12 మంది నిద్రలోనూ, పరుగెత్తుతూనూ పోయారు. ఇన్ని చూశాక కూడా మా మధ్యనే సామర్థ్యం దాదాపు రెట్టింపు చేస్తుంటే మీరు లేతు మిషన్ల గురించి మాట్లాడుతున్నారు. రాత్రి రిఫైనరీ గొట్టం మీద మిగులు వాయువును కాల్చే ఫ్లేర్ మంట పెద్దదైతే వీధంతా మేడలెక్కి చూస్తుంది. గాలిలో వాసన మారితే ముందుగా కిటికీలు మూసి, ఆ తర్వాత ఫోన్లు చేసుకుంటాం. హరిత ఇంధనం వస్తే ఈ భయం తగ్గుతుందంటే నేను రెండు చేతులా ఆహ్వానిస్తాను.

ఎన్ఏడీ కొత్తరోడ్డు

మీ మాట నిజమమ్మా. ట్యాంకర్ లారీల మధ్య పిల్లల్ని బడికి తీసుకెళ్లేవాళ్లకు ఇంకా బాగా తెలుసు.

సీలేరు ఇంజినీర్

మల్కాపురం వాసి గారు అసలు విషయం చెప్పారు. హైడ్రోజన్ గాలి కంటే పద్నాలుగు రెట్లు తేలిక. బయట లీకైతే పైకి పోతుంది, ఎల్పీజీలాగా నేల మీద పాకుతూ వచ్చి ఇళ్లలో చేరదు. పైగా రిఫైనరీకి హైడ్రోజన్ కొత్తది కాదు. 2020 ఏప్రిల్ నుంచి డీజిల్‌లో గంధకం పది లక్షల్లో పది భాగాలకు మించకూడదు. ఆ గంధకాన్ని తీసేది హైడ్రోజనే. ఇప్పుడు దాన్ని సహజవాయువు, నాఫ్తాల నుంచి తీస్తున్నారు. సహజవాయువు నుంచి తీస్తే కిలోకు తొమ్మిది, పది కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. అదే హైడ్రోజన్‌ను నీటి నుంచి తీయడం విశాఖ రిఫైనరీలో మొదలైంది కూడా. ఏడాదికి 370 టన్నుల యూనిట్ పెట్టారు. అంటే చమురుకూ హరిత ఇంధనానికీ కొట్లాట లేదు. ఒకదానిలో నుంచే రెండోది పుడుతోంది.

గాజువాక ఫిట్టర్

ఏడాదికి 370 టన్నులంటే రోజుకు ఒక టన్ను. పూడిమడకలో రోజుకు 1500 టన్నులంటున్నారు. చేతిలో ఉన్న అనుభవం ఒకటి, కట్టబోయేది దానికి పదిహేను వందల రెట్లు. తేలిక, బరువు అని పుస్తకంలో ఉన్నది చెప్పారు. నేను పైపు దగ్గర ఉన్నది చెబుతాను.

హైడ్రోజన్ లైను వేసేటప్పుడు అన్నిచోట్లా మామూలు పైపు పనికిరాదు. వేడి, ఒత్తిడి ఎక్కువున్నచోట క్రోమ్-మోలీ అనే మిశ్రమ ఉక్కు పైపు వాడతారు. వెల్డుకు ముందు పైపును వేడి చేయాలి, వెల్డు తర్వాత మళ్లీ లెక్క ప్రకారం వేడి చేసి నెమ్మదిగా చల్లార్చాలి, ఆపైన ఎక్స్‌రే తీయాలి, గట్టిదనం పరీక్షించాలి. వీటిలో ఒకటి ఎగ్గొట్టినా పైకి ఏమీ కనపడదు. హైడ్రోజన్ ఉక్కులోకి దూరి కొన్నాళ్లకు లోపలి నుంచి చీలుస్తుంది. లీకైన హైడ్రోజన్ అంటుకుంటే పగటి వెలుగులో ఆ మంట కంటికి ఆనదు. డిటెక్టర్లు లేని రోజుల్లో ఇలాంటి ప్లాంటుల్లో గడ్డి చీపురు ముందుకు చాచి నడిచేవారు. చీపురు అంటుకుంటే అక్కడ మంట ఉందని అర్థం. ఇంత జాగ్రత్త కావాల్సిన పనిని ఎవరు చేస్తారు? రోజుకూలీకి వచ్చిన కాంట్రాక్టు కుర్రాడు చేస్తాడు. వాడికి వచ్చే నెల గేట్ పాస్ ఉంటుందో లేదో తెలియదు. తప్పు జరిగిందని చెబితే పాస్ ఆగిపోతుంది, అందుకే చెప్పడు. శాశ్వత ఉద్యోగాలు ఎన్ని అని నేను ఊరికే అడగడం లేదు. భద్రత అక్కడి నుంచే మొదలవుతుంది.

మల్కాపురం వాసి

ఈ మాటతో నేను ఏకీభవిస్తాను. కానీ ఇది రిఫైనరీకి కూడా వర్తిస్తుంది కదా?

అనంతగిరి

కరెంటు రాత్రికి కూడా కావాలి కాబట్టి కొండల మీద పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టులంటున్నారు. పగటి కరెంటుతో నీళ్లు పైకి తోడి, రాత్రి కిందికి వదిలి కరెంటు తీస్తారట. పైన ఒక చెరువు, కింద ఒక చెరువు, మధ్యలో మా గూడేలు. ఇది గిరిజనుల భూమి బయటివాళ్ల చేతికి పోకుండా చూసే 1/70 చట్టం ఉన్న షెడ్యూల్డ్ ప్రాంతం. విశాఖ ఎదుగుదల లెక్కలో మమ్మల్ని ఎక్కడ రాశారు?

సీలేరు ఇంజినీర్

పంప్డ్ స్టోరేజీ లేకుండా సౌర విద్యుత్ నిలబడదు. ఎగువ సీలేరులో రాష్ట్ర విద్యుదుత్పత్తి సంస్థ జెన్‌కో 1350 మెగావాట్లకు ప్రణాళిక వేసింది. అక్కడ ఉన్న జలాశయాలనే వాడుకుంటారు, ముంపు తక్కువ. ప్రతి ప్రాజెక్టునూ ఒకే గాటన కట్టకండి.

అనంతగిరి

సీలేరు గురించి నేను అడగలేదు. అనంతగిరి గురించి అడిగాను.

పూడిమడక గాలి

పొద్దుటి నుంచి చదువుతున్నాను. అందరూ పూడిమడక, పూడిమడక అంటున్నారు. ఆ ఊరివాళ్లను ఒక్కరూ అడగలేదు. మాది ఆ ఊరే.

మా ఊరి పడవలు ట్యూనా కోసం చాలా దూరం పోతాయి. వలలు కాదు, గేలాలు. కొమ్ముకోనాం చేప పడినప్పుడు జాగ్రత్తగా లేకపోతే మనిషిని పొడిచి చంపుతుంది. తరాలుగా ఈ పని చేస్తున్నాం. ఇప్పటికి మా తీరం మీద ఎన్ని ప్రకటనలు వచ్చాయో చెబుతాను. ముందు ప్రత్యేక ఆర్థిక మండలి (సెజ్) అన్నారు, భూములు పోయాయి. 2009లో విశాఖ నుంచి కాకినాడ దాకా పెట్రో కారిడార్ అన్నారు, 600 చదరపు కిలోమీటర్లకు పైనే అని పేపర్లలో వచ్చింది, ఆ పేరుతో ఇక్కడ ఏదీ నిలబడలేదు. తర్వాత ఇదే పూడిమడకలో 4000 మెగావాట్ల బొగ్గు విద్యుత్ కేంద్రమన్నారు, అదీ ఎన్టీపీసీదే. బొగ్గు పోయి ఇప్పుడు హైడ్రోజన్ వచ్చింది. పేరు మారినప్పుడల్లా మేము కాగితాలు పట్టుకుని మళ్లీ మొదటి నుంచి తిరగాలి.

ఇక నీళ్లు. ఇంజినీర్ గారు కరెంటు లెక్క చెప్పారు, నీటి లెక్క వదిలేశారు.

సీలేరు ఇంజినీర్

వదిలేయలేదు. కిలో హైడ్రోజన్‌కు తొమ్మిది లీటర్ల శుద్ధమైన నీరు విడిపోతుంది. 1500 టన్నులకు రోజుకు కోటీ 35 లక్షల లీటర్లు. శుద్ధి చేయడంలో పోయేది, చల్లబరచడానికి అయ్యేది కలిపితే దానికి రెండు మూడు రెట్లు. పక్కనే సముద్రముంది. సింహాద్రి ప్లాంటు కూలింగ్ టవర్లు సముద్రపు నీటితోనే నడుస్తున్నాయి. ఏలేరు మంచినీటిని ముట్టుకోనక్కర్లేదు.

పూడిమడక గాలి

సముద్రపు నీటిని మంచినీరుగా మార్చాక మిగిలే చిక్కటి ఉప్పునీరు ఎక్కడికి పోతుంది?

సీలేరు ఇంజినీర్

పైపులో లోపలికి తీసుకెళ్లి వదులుతారు. పైపు చివర నీటిని చెదరగొట్టే డిఫ్యూజర్లు సరిగ్గా పెడితే కొద్ది దూరంలోనే కలిసిపోతుంది. ప్రపంచమంతా అలాగే చేస్తున్నారు.

పూడిమడక గాలి

ఎంత లోపలికి?

సీలేరు ఇంజినీర్

అది పర్యావరణ అధ్యయనంలో తేలుస్తారు.

పూడిమడక గాలి

ఎంత లోపలికని అడిగాను. ఒడ్డు దగ్గర వల వేసే చిన్న పడవలవాళ్లు ఎంత దూరం పోతారో మీకు తెలుసా? మందుల కంపెనీల పైపులప్పుడు కూడా ఇదే మాట చెప్పారు, అధ్యయనంలో ఉందన్నారు. మా నాన్న పైపు వేసిన ఏడాది నుంచి ఒడ్డున వల వేయడం మానేశారు. ఏ కంపెనీ పైపో ఇక్కడ రాయను. నష్టపరిహారం జాబితాలో మా ఇంటి పేరు లేదు, ఎందుకంటే ఆయనకు పడవ రిజిస్ట్రేషన్ లేదు, ఇంకొకరి పడవలో వెళ్లేవారు. పడవ ఉన్నవాడికి పరిహారం, పడవలో పనిచేసినవాడికి ఏమీ లేదు.

గాజువాక ఫిట్టర్

మాదీ ఇదే కథ. కంపెనీకి పరిహారం, కాంట్రాక్టరుకు బిల్లు, పనివాడికి ఏమీ లేదు. ఇంజినీర్ గారూ, శాశ్వత ఉద్యోగాలు ఎన్ని?

సీలేరు ఇంజినీర్

మీరు ఒకే ప్రశ్న పట్టుకుని కూర్చున్నారు. సూటిగా చెబుతాను, నొచ్చుకున్నా సరే. శిక్షణ లేకుండా, కొత్త పని నేర్చుకోకుండా, ఊళ్లో పుట్టాం కాబట్టి ఉద్యోగం ఇవ్వమంటే ఏ పరిశ్రమా నిలబడదు. నా సర్వీసంతా ఈ ఒత్తిడి చూశాను. అర్హత ఉన్నవాణ్ని పక్కనపెట్టి సిఫారసు ఉన్నవాణ్ని తీసుకున్న చోటే ప్రమాదాలు జరిగాయి.

గాజువాక ఫిట్టర్

శిక్షణ లేదా? నలభై అయిదు డిగ్రీల వాలులో బిగించిన పైపును చుట్టూ తిరిగి వెల్డు చేసి, ఎక్స్‌రేలో పాసైన కుర్రాళ్లు గాజువాకలో వీధికి ఒకరున్నారు. దుబాయ్ తీసుకెళ్తుంది, ఖతార్ తీసుకెళ్తుంది, జామ్‌నగర్ తీసుకెళ్తుంది. వాళ్ల ఊరి గేటు మాత్రం వాళ్లను నెలవారీ పాస్ మీదే లోపలికి రానిస్తుంది. నేను ఒకే ప్లాంటులో ముగ్గురు కాంట్రాక్టర్ల కింద పనిచేశాను. కాంట్రాక్టరు మారినప్పుడల్లా నా సర్వీసు సున్నా నుంచి మొదలైంది. ఒకాయన పీఎఫ్ కోసుకున్నాడు, కట్టలేదు. అడిగితే ఆ కంపెనీ పేరు మీద ఇప్పుడు ఏమీ లేదన్నాడు. మీరు పెన్షన్ తీసుకుంటూ మాకు అర్హత గురించి చెప్పకండి.

సీలేరు ఇంజినీర్

నా పెన్షన్ నేను అడవిలో, మలేరియా జ్వరాలతో పనిచేసి సంపాదించుకున్నది. దాని జోలికి రావద్దు.

నిర్వాహకురాలు

వ్యక్తిగత దూషణలున్న రెండు సందేశాలను తొలగించాం. విషయం మీద రాయండి, చర్చ తెరిచే ఉంటుంది.

మల్కాపురం వాసి

కోపాలు తగ్గాక ఒక మాట. నాకు కావాల్సింది సులువుగా అర్థమయ్యేదే. మా ఇళ్ల మధ్య ఉన్న ప్రమాదం తగ్గాలి. కొత్త ఇంధనం పూడిమడక వైపు, జనం తక్కువ ఉన్నచోట పెడితే, మెల్లగా ఇక్కడి ట్యాంకులు కూడా అటు తరలిస్తే నగరానికి మేలు. అరవై ఏళ్లుగా మోశాం, ఇక చాలు.

పూడిమడక గాలి

ఇప్పుడు బయటపడింది అసలు మాట.

అమ్మా, మీ బాధ నాకు తెలుసు. మీరు చెప్పిన ప్రతి ప్రమాదం నిజం. కానీ "జనం తక్కువ ఉన్నచోట" అన్నారు చూశారా, అక్కడ మేమున్నాం. హైడ్రోజన్‌ను ఓడలో పంపడం కష్టం, మైనస్ 253 డిగ్రీలకు చల్లబరచాలి. అందుకే అమ్మోనియాగా మార్చి మైనస్ 33 దగ్గర ట్యాంకుల్లో దాస్తారు. ఇంజినీర్ గారు హైడ్రోజన్ పైకి పోతుందని చెప్పారు, అమ్మోనియా లీకైతే ఏమవుతుందో చెప్పలేదు. చల్లని అమ్మోనియా తేమ గాలిలో మబ్బులా నేలబారున పాకుతుంది. పీలిస్తే ఊపిరితిత్తులు పోతాయి. అచ్యుతాపురం ఆర్థిక మండలిలో 2024 ఆగస్టు 21న ఒక మందుల కంపెనీ పేలుడులో 17 మంది పోయారు. మా దగ్గర ప్రమాదాలు లేవని ఎవరు చెప్పారు?

2022 ఏప్రిల్ నుంచి మాది అనకాపల్లి జిల్లా. పెట్టుబడుల సదస్సు విశాఖలో, పేరు విశాఖది, కంపెనీ ఆఫీసులు విశాఖలో, ఐటీ కొలువులు మధురవాడలో, రుషికొండలో. పైపులు, ట్యాంకులు, ఉప్పునీరు మాత్రం మాకు. మీరంతా విశాఖ ఎదుగుతుందా అని అడుగుతున్నారు. ఎదిగేది మీ ఊరు, మోసేది మా ఊరు.

మల్కాపురం వాసి

మా దగ్గరే ఉంచుకోవాలంటారా? మేము మనుషులం కామా?

పూడిమడక గాలి

ఉంచుకోమనలేదు. మాకు పంపమని మీరు అడగకూడదన్నాను.

కూర్మన్నపాలెం

ఉక్కు కర్మాగారానికి భూములిచ్చిన కుటుంబాల్లో నిర్వాసితులకిచ్చిన ఆర్-కార్డులు పట్టుకుని ఇప్పటికీ ఉద్యోగం కోసం చూస్తున్నవాళ్లున్నారు. కార్డు తండ్రి పేరు మీద, వయసు దాటింది కొడుక్కి. పూడిమడక తమ్ముడూ, కార్డు ఇస్తే సంబరపడకండి, నియామక పత్రం ఇస్తేనే సంతకం పెట్టండి.

గాజువాక ఫిట్టర్

పూడిమడక తమ్ముడికి ఒకటి చెప్పాలి. మీ నేల మీద వస్తోంది, నిజమే. కానీ ఆ పని చేయగలిగిన చేతులు గాజువాకలో ఉన్నాయి. ఇరవై ఏళ్లుగా రిఫైనరీలో ఎల్పీజీ, హైడ్రోజన్ లైన్ల మీద పనిచేసినవాళ్లను ముందు రోల్ మీదికి తీసుకోవాలి. లేకపోతే ప్లాంటు భద్రంగా నడవదు.

పూడిమడక గాలి

అంటే నేల మాది, ఉద్యోగం మీది. కాంట్రాక్టరు మీతో అన్నమాటే మీరు నాతో అంటున్నారు అన్నా.

గాజువాక ఫిట్టర్

అలా అనలేదు. పని తెలిసినవాడు ముందు ఉండాలన్నాను. మీ కుర్రాళ్లకు నేర్పడానికి నేను సిద్ధం.

పూడిమడక గాలి

నేర్పండి, సంతోషం. కానీ ముందు హక్కు ఎవరిది అన్నది తేలాక నేర్పండి. 2019లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకని చట్టం చేశారు. అందులో రాష్ట్రంలో ఎక్కడివాడైనా స్థానికుడే. నైపుణ్యం లేకపోతే మూడేళ్లలో శిక్షణ ఇచ్చి తీసుకోవాలని కూడా రాశారు. ఆ మూడేళ్ల శిక్షణ మా ఊరి పిల్లలకు ఒక్కరికి ఇచ్చారా? ప్లాంటు కట్టడానికి ఎలాగూ మూడు నాలుగేళ్లు పడుతుంది. పునాది తీసే రోజునే శిక్షణ మొదలుపెడితే ఉత్పత్తి మొదలయ్యేసరికి మనుషులు తయారవుతారు. ఆ పని ఎందుకు చేయరు?

సీలేరు ఇంజినీర్

ఇది న్యాయమైన కోరిక. దీన్ని నేను సమర్థిస్తాను. కానీ ముందే అన్నీ రాసి ఇస్తే తప్ప పని మొదలు కానివ్వమని పట్టుపడితే జరిగేది వేరు. హరిత హైడ్రోజన్ ఇప్పటికీ సహజవాయువు నుంచి తీసేదానికంటే ఖరీదు. కొనేవాళ్లు కొద్దిమంది, పోటీపడే రేవులు ఎక్కువ. కాండ్లా ఉంది, పారాదీప్ ఉంది, తూత్తుకుడి ఉంది. మన పక్కనే కాకినాడలో ఏడాదికి పది లక్షల టన్నుల హరిత అమ్మోనియా ప్లాంటుకు ఏఎం గ్రీన్ సిద్ధపడింది. రెండేళ్లు ఆలస్యమైతే కొనుగోలు ఒప్పందాలు వేరే రేవులకు పోతాయి. అప్పుడు శిక్షణా ఉండదు, ఉద్యోగమూ ఉండదు. నా మనవలు బెంగళూరులో ఉన్నారు, ఇక్కడ పని లేక. వాళ్లు తిరిగి రావాలన్నదే నా తాపత్రయం. దీనికోసమే నేను ఇంత వాదిస్తున్నాను.

సబ్బవరం విద్యార్థి

ఇంజినీర్ గారూ, ఫిట్టర్ గారూ, ఇదంతా చదివాక నాకు ఇంకొక ప్రశ్న. పూడిమడక, రాంబిల్లి పిల్లలకు వెల్డింగ్, పైపింగ్, హైడ్రోజన్ భద్రత నేర్పే కోర్సు ఇప్పుడు అచ్యుతాపురం చుట్టుపక్కల ఏ ఐటీఐలోనైనా ఉందా? ఉంటే మా తరగతి నుంచి సెలవు రోజుల్లో వచ్చి పాఠాలు చెప్పడానికి నలుగురం సిద్ధంగా ఉన్నాం.

గాజువాక ఫిట్టర్

వెల్డర్, ఫిట్టర్ ట్రేడులు చాలా ఐటీఐల్లో ఉంటాయి. హైడ్రోజన్ లైను పని అక్కడ నేర్పరు, ప్లాంటులోనే నేర్చుకోవాలి. ప్లాంటులోకి పోవాలంటే గేట్ పాస్ కావాలి. మళ్లీ అక్కడికే వచ్చాం. రిటైరైన వెల్డింగ్ ఇన్‌స్పెక్టర్లు ఇద్దరు నాకు తెలుసు. అడుగుతాను.

పూడిమడక గాలి

విద్యార్థి తమ్ముడికి కృతజ్ఞతలు. రండి, మా సామాజిక భవనం తెరిపిస్తాను.

ఇంజినీర్ గారికి చివరగా. వేరే రేవుకు పోతుందని భయపెట్టారు. పోతే పోనివ్వండి. సెజ్ అప్పుడూ ఇదే మాట, బొగ్గు ప్లాంటప్పుడూ ఇదే మాట, ఆలస్యమైతే పోతుందని తొందరపెట్టి సంతకాలు తీసుకున్నారు. మీ మనవలు తిరిగి రావాలని మీరు కోరుకుంటున్నారు, నా పిల్లలు వెళ్లిపోకూడదని నేను కోరుకుంటున్నాను. భూమి కేటాయింపు ఉత్తర్వులోనే మూడు విషయాలు రాయాలి. ఉప్పునీటి పైపు ఒడ్డు నుంచి ఎంత దూరంలో ముగుస్తుందో రాయాలి. పడవ లేని మత్స్యకారుల పేర్లు కూడా పరిహారం జాబితాలో ఉండాలి. నిర్వాసిత గ్రామాల నుంచి కంపెనీ రోల్ మీదికి ఎంతమందిని తీసుకుంటారో అంకె ఉండాలి. ఫిట్టర్ అన్న పొద్దుటి నుంచి అడుగుతున్న అంకె అదే. ఆ కాగితం చూపించిన రోజున ప్లాంటు మా ఊళ్లో కట్టమని నేనే ఇంటింటికీ తిరిగి చెబుతాను.

సీలేరు ఇంజినీర్

మొదటి రెండూ రాయించడానికి నాకు తెలిసిన అధికారులకు నేను లేఖ రాస్తాను. మూడోదానికి ఏ కంపెనీ ఒప్పుకోదు.

గాజువాక ఫిట్టర్

ఒప్పుకోకపోతే, 1.85 లక్షల కోట్లలో మన వాటా ఎంతో ఇప్పుడే తెలిసిపోయినట్టే.